ఒక్క పూట సెలవు

"పెళ్ళామా, కాదా? అది చెప్పు ముందు," అన్నాడు కళ్ళజోళ్ళ షాపు యజమాని. అద్దాలు అరగదీసే పనివాడు చొక్కా అంచుతో తన కళ్ళజోడు తుడుచుకున్నాడు. పదకొండేళ్ళు కలిసి బతికిన మనిషి ఆ తెల్లవారుజామునే పోయింది. "పెళ్ళి కాకపోతే మా పొయ్యి వెలగనంటుందా?" అని లోకాన్ని వేళాకోళమాడినవాడే ఇప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు.

"కలిసి ఉంటున్నాం సార్."

"అయితే ఒక్క పూట వెళ్ళిరా. పెళ్ళాం పోతేనే మూడు రోజులు."

ఏనాడూ వాళ్ళ గడప తొక్కని ఆమె అన్న అప్పటికే శవం దగ్గర పెద్దరికం పుచ్చుకున్నాడు. "బావగారూ" అనాల్సిన నోటితో, "మీరు కాస్త వెనక నిలబడండి," అన్నాడు. ఇతను వెనకే నిలబడి, మధ్యాహ్నానికి మళ్ళీ షాపులో మిషను ముందు కూర్చున్నాడు. వారం తిరక్కుండా ఆ అన్న, చెల్లెలిదేనంటూ ఫ్రిజ్ ఆటోలో వేసుకుపోయాడు. దాని వాయిదాలు ఇంకా ఆరు ఇతనే కట్టాలి.