డెబ్బై కిలోల కోసం ఏడు రోజులు

విమానాశ్రయం కార్గో షెడ్డులో పద్నాలుగేళ్లుగా నా పని ఒకటే. విమానం ఎక్కబోయే ప్రతి పెట్టెనూ తూచి, రాసిన బరువుకూ ఉన్న బరువుకూ తేడా వస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపడం. అలాంటివాణ్ణి, నా సొంత బరువు దగ్గర మాత్రం పదేళ్లు కళ్లు మూసుకున్నాను. కిందటి దసరా ముందు ఒక శనివారం, షెడ్డులో ఎవరూ లేకుండా చూసి నేనే కాంటా ఎక్కాను. డెబ్బై ఆరు. బూట్లు విప్పి మళ్లీ ఎక్కాను. డెబ్బై అయిదు. బూట్లు ఇంకాస్త బరువుంటే ఎంత బాగుండేదో!

నాకు కావలసింది డెబ్బై. మా తొండుపల్లికీ సాతంరాయికీ మధ్య ఏటా దసరాకు ముందొచ్చే ఆదివారం, నలభై దాటిన మగవాళ్లు కబడ్డీ ఆడతారు. అంతకుముందు ఏడు సాతంరాయి వాళ్లు ఒక భారీ మనిషిని తెచ్చి మావాళ్ల మీద పడేశారని మా జట్టు నాయకుడికి కోపమొచ్చింది. ఆ నాయకుడు మా అన్న. ఈసారి డెబ్బై కిలోలు దాటినవాడెవడూ బరిలోకి దిగకూడదని పట్టుబట్టి నియమం పెట్టించాడు. "డెబ్బై మీద అరకిలో ఉన్నా సరే, మావోడైనా బయటికే" అని రెండూళ్ల వాళ్ల ముందూ చెప్పి మీసం దువ్వి మరీ వచ్చాడు.

అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆయన ఊరి జట్టులో వెలిగిపోతున్న రోజుల్లో నేను చిన్నవాణ్ణి. నాకు ఆడే వయసు వచ్చేసరికి ఉద్యోగం, షిఫ్టులు. నలభై రెండేళ్లలో ఒక్కసారి కూడా మేమిద్దరం ఒక జట్టులో ఆడలేదు. మోకాలు అరిగిపోయిందనీ, ఇదే తన ఆఖరి ఆట అనీ ఆ ఏడు ఆయన చెప్పేసరికి నేనూ ఆడతానని పేరిచ్చేశాను. గెలుపు ఎవరిక్కావాలి? ఆయన పక్కన ఒక్క ఆట నిలబడితే చాలు.

చేతిలో ఉన్నవి ఎనిమిది రోజులు. ఏడు రోజులు మంచినీళ్ల మీద ఉండి చిక్కిపోయిన ఒకాయన ఫోనులో నవ్వుతూ కనబడ్డాడు. అంతే, నాకూ పట్టుదల వచ్చేసింది. నా భార్య పిల్లలతో బతుకమ్మ పండక్కి బడంగ్‌పేట్‌లోని పుట్టింటికి వెళ్లింది కాబట్టి ఇంట్లో అడిగేవాళ్లు లేరు. ఉన్నది వదిన. అందరం ఒకే ఇల్లు, ఒకే వంట. పొద్దున్నే అన్నకొక డబ్బా, నాకొక డబ్బా కట్టి ఇస్తుంది. అన్న దాన్ని ఆకుకూర మడి దగ్గరికి పట్టుకెళ్తాడు, నేను షెడ్డుకు. ఆ వారమంతా నా డబ్బా షెడ్డులో తోటివాళ్లు తిన్నారు.

మా ఆఫీసు దవాఖానలో కూర్చునే డాక్టరమ్మది గోదావరి జిల్లా. విషయం చెప్పగానే కళ్లజోడు తీసి నావైపు చూసింది. "ఆటకు ముందు వారం రోజులు తిండి మానేస్తారా? ఎవరైనా బండిలో పెట్రోలు తీసేసి పందేనికి వెళ్తారాండీ?" అంది. నేను వినే రకం కాదని తెలిశాక, రోజూ వచ్చి బీపీ, షుగరు చూపించుకోవాలనీ, కళ్లు తిరిగితే అప్పుడే ఆపేయాలనీ మాట తీసుకుంది.

మొదటి రోజు ఆకలి. రెండో రోజు తలనొప్పి, ముక్కు మీద కోపం. పెట్టెలకు అంటించే టేపు తెగకపోతే దాన్నీ తిట్టాను. అయినా రెండు రోజుల్లో రెండు కిలోలు తగ్గేసరికి పొంగిపోయాను. డాక్టరమ్మ ఆ పొంగు మీద నీళ్లు చల్లింది. కాలేయంలోనూ కండల్లోనూ దాచుకున్న చక్కెర ముందు ఖర్చవుతుందట. దాన్ని అంటిపెట్టుకున్న నీళ్లు కూడా పోతాయట. "మీరు పోగొట్టుకున్నది చాలావరకూ నీళ్లేనండీ" అంది.

నాలుగో రోజుకు విచిత్రంగా ఆకలి పోయింది. ఒళ్లు కొవ్వు మీద నడవడం మొదలుపెట్టిందని ఆవిడ చెప్పింది. అందుకు గుర్తుగా నా నోటి నుంచి మాగిపోయిన పండు వాసన వచ్చేది. షెడ్డులో ఒకాయన మాటకు ముందే యాలక్కాయ చేతిలో పెట్టేవాడు. ఇంట్లో మాత్రం నరకం. వదిన బతుకమ్మ కోసం మలీద చేస్తోంది. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలుపుతుంటే ఆ వాసన ఇల్లంతా పాకేది. "జర రుచి చూడు మర్దీ" అంటే, క్యాంటీన్లో తిన్నానని అబద్ధం చెప్పి మేడెక్కేవాణ్ణి.

ఆరో రోజు బరువైన పెట్టెను ఎప్పటిలాగే ఎత్తగలిగాను. చూశారా అన్నట్టు డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను. దవాఖాన ఉన్నది పై అంతస్తులో. ఇనుప మెట్లు సగం ఎక్కి కూలబడ్డాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆవిడే కిందికి దిగి వచ్చి నాడి పట్టుకుని అంది: "పట్టు, బలం అంత త్వరగా పోవండీ. మెల్లగా నడవడానికి కొవ్వు సరిపోతుంది. గబగబా పరిగెత్తాలంటే చక్కెర కావాలి, అది మీ దగ్గర లేదు. ఎల్లుండి ఆటలో కూతకు వెళ్లకండి. ఆట అయ్యాక పండగ భోజనం మీద పడకండి, పలచగా, కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి." బుద్ధిగా తలూపాను.

ఆదివారం పొద్దున కూరగాయల బస్తాలు తూచే కాంటా తెచ్చి బరి పక్కన పెట్టారు. నేనెక్కాను. అరవై తొమ్మిదిన్నర! ఎగిరి గంతేయాలనిపించింది కానీ ఓపిక లేదు. ఆఖర్న అన్న వచ్చాడు. చొక్కా విప్పాడు. చేతి వెండి కడెం తీసి నాకిచ్చాడు. అప్పుడు చూశాను, ఆయన పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ముల్లు సరిగ్గా డెబ్బై దగ్గర ఆగింది. ఆయన నిట్టూర్చగానే మాగిన పండు వాసన నా ముక్కుకు తగిలింది.

వెనక నుంచి వదిన గొంతు వినబడింది. అంబలి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "వారం సంది ఇద్దరి డబ్బాలు కరివేపాకు సుత లేకుంట వస్తున్నయ్. ఇరవై ఐదేండ్ల సంది ఈయన కరివేపాకు మిగిలియ్యకుంట తిన్నది లేదు. నాకు ఎర్క గాదనుకున్నరా?"

అన్న నేల చూపులు చూశాడు. "నియమం పెట్టినంక తూగిన రా తమ్మీ. డెబ్బై అయిదు ఉన్న. ఎవలకు చెప్పుకోవాలె? డబ్బా కుక్కలకు పెట్టిన."

"ఆడకుంటే ఏమాయె అన్నా? మోకాలు గూడ మంచిగ లేదాయె."

"నువ్వు ఆడుతనన్నవ్ గదరా. నీ పక్కకు నేను గాక ఎవడుంటడు?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన కడెం ఆయన చేతికి తొడిగి బరిలోకి నడిచాను.

ఆట సంగతి దాచేదేముంది, చిత్తుగా ఓడాం. డాక్టరమ్మ మాట కాదని కూతకు వెళ్లాను. ఆరుసార్లు కబడ్డీ అనేసరికి దమ్ము అయిపోయి గీత దగ్గరికి తిరుగు పరుగు తీశాను. తర్వాత అన్న వెళ్లి నాలుగుసార్లకే వచ్చాడు. ఇద్దరం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒకరినొకరు చూసుకున్నాం. సగం ఆటలో వదిన చెరో అరగ్లాసు పలచటి అంబలి పోసింది. "ఇంకొంచెం" అని అన్న గ్లాసు చాపితే ఇవ్వలేదు.

ఆఖరి నిమిషంలో సాతంరాయి జట్టులోని పొడుగాటి మనిషి కూతకు వచ్చాడు. మూలన అన్న, పక్కన నేను, చేతికి చెయ్యి పట్టుకుని గొలుసులా నిలబడ్డాం. పరుగు లేదు, దమ్ము లేదు, పట్టు మాత్రం ఉంది. అతను మా మధ్య నుంచి దూసుకుపోబోతే మా చేతులు నడుముకు అడ్డం పడ్డాయి. అతను లాగాడు. ముగ్గురం దుమ్ములో పడ్డాం. చేతులు ఊడలేదు. విజిల్ మోగింది.

రిఫరీ వంగి, "పాయింట్ ఇచ్చిన గదా, ఇగ ఇడువుండ్రి" అన్నాడు. కింద నలుగుతున్న సాతంరాయి ఆయన కూడా "అన్నా, జర లేవుండ్రి" అని బతిమాలాడు. అన్న నా చెయ్యి వదల్లేదు. నేనూ వదల్లేదు.