మూన్సిక్ దాచిన నల్ల తెర

ప్యో మూన్సిక్ చేతులకి ఉన్న ఓర్పు నోటికి లేదు. ఊళ్లో ఈ మాట అనని వాళ్లు లేరు, అన్నాక చెడిపోయిన కుక్కర్ పట్టుకుని అతని దగ్గరికే వెళ్లని వాళ్లూ లేరు. ఇరవయ్యారేళ్లు టౌన్లో కంప్యూటర్లు బాగుచేశాడు. జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాక దుకాణం మూతపడింది. నలభై ఒక్క గడపలున్న కొండ ఊరికి తిరిగొచ్చి తండ్రి మిరప చేను చూసుకుంటున్నాడు. యాభై ఎనిమిదేళ్లవాడు అక్కడ కుర్రాళ్ల లెక్కలో ఉన్నాడంటే మిగతావాళ్ల వయసు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఊరికి మైకే దిక్కు. ప్రతి ఇంటి గోడకీ చిన్న స్పీకరు పెట్టె ఉంటుంది. గ్రామపెద్ద బోంగ్ చున్బే ఊరి హాల్లో కూర్చుని "ఆ... ఆ..." అని గొంతు సవరించుకుని, ఒక పాత పాట వేసి, ఎరువు వచ్చిందనో ఫలానా ఇంట్లో చావు అనో చెప్పేవాడు. అలా పంతొమ్మిదేళ్లు చెప్పాడు. ఆ తర్వాత గొంతులో పుండు లేచింది. సియోల్ ఆసుపత్రిలో కోసి తీసేశారు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. మెడలో చిన్న పలక వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు.

"మాట్లాడలేనివాడికి ఈ పదవెందుకు" అని ఆయన పలక మీద రాసిన రోజు మూన్సిక్‌కి ఊరుకోబుద్ధి కాలేదు. ఆ చలికాలమంతా కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడు. పెద్దాయన అక్షరాలు కొట్టి బొత్తాం నొక్కితే చాలు, ఇంటింటా గొంతు వినిపిస్తుంది. నిజానికి ఆ ప్రోగ్రాంకి మాట్లాడటం రాదు. అక్షరాలని గొంతుగా మార్చే ఇంకో ప్రోగ్రాం కంప్యూటర్లో ఉంటే, దాన్ని పిలిచి పని చేయించుకుంటుంది. మూన్సిక్ తన రాతనంతా ఒక్క ఫైలుగా మూటగట్టి, దానికి ఎర్ర మిరపకాయ బొమ్మ తగిలించి పెట్టాడు.

"అంతా ఈ మిరపకాయలోనే ఉంది పెద్దాయనా. దీన్ని నొక్కండి, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు. గర్వం కొద్దీ అన్న మాట అది, నిజం కాదు.

మొదటి వారంలోనే పెద్దాయనకి చిర్రెత్తింది. ఆ గొంతు ప్రోగ్రాంని పిలిచిన ప్రతిసారీ ఒక నల్ల తెర చటుక్కున మెరిసి మాయమవుతోంది. "దొంగవెధవ ఎవడో దూరినట్టుంది. తీసెయ్" అని రాశాడు.

"దొంగ కాదండీ. ఏదన్నా తేడా వస్తే అది అందులోనే చెబుతుంది."

ఆయన పలక తుడిచి మళ్లీ రాశాడు: "టౌన్ నుంచొచ్చిన ఆఫీసరు చూసి నవ్వాడు. తీసెయ్."

మూన్సిక్ ఆ తెరని కనపడకుండా చేశాడు. పదిహేను రోజులకి ఇంకో పేచీ వచ్చింది. గొంతు ప్రోగ్రాం నసిగినప్పుడల్లా మొత్తం బిగుసుకుపోతోంది. "దీనికన్నా నా కోసేసిన గొంతే నయం" అని రాశాడు పెద్దాయన. మూన్సిక్‌కి ఒళ్లు మండింది. జవాబు కోసం ఆగకుండా, పిలవగానే "చెప్పడం అయింది" అని పచ్చటి అక్షరాలు పడేలా మార్చి పారేశాడు. పిలిచాక అవతల ఎవరైనా పలికారో లేదో చూడటం ఇక దాని పని కాదు. నాలుగేళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది.

ఆ ఏడు వానలకి ముందు హాలుకి కొత్త కంప్యూటర్ వచ్చింది. మూన్సిక్ మిరపకాయ ఫైలుని పెన్ డ్రైవ్‌లో తెచ్చి అందులో పెట్టాడు. గొంతు ప్రోగ్రాం పాతదాంట్లోనే ఉండిపోయిందన్న సంగతి తట్టనేలేదు. పెద్దాయనకి చెప్పిన మాటని నాలుగేళ్లలో తానే నమ్మేశాడు. ఆ రోజు ఊళ్లో ఒక చావు. ఏడుస్తున్న ఇంట్లో మైకు మోగితే బాగోదని స్పీకర్లు ఆపి, బొత్తాం నొక్కి చూశాడు. పచ్చ అక్షరాలు వచ్చాయి. స్పీకర్లు మళ్లీ వేసి, చేతులు దులుపుకుని, చావింట్లో పెట్టే కారం సూపూ అన్నం తినడానికి వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత మందుల బండి వస్తోందని పెద్దాయన బొత్తాం నొక్కాడు. హాల్లో స్పీకరు లేదు, పచ్చ అక్షరాలు చూసి సరే అనుకున్నాడు. బండి దగ్గరికి ఆరుగురే వచ్చారు. చేలల్లో ఉండి వినలేదేమో అని మిగతావాళ్లు సరిపెట్టుకున్నారు. ఒక్బున్ అవ్వ మాత్రం సరిపెట్టుకోలేదు. ఎనభై మూడేళ్ల మనిషి, వాగు ఒడ్డున ఒక్కతే ఉంటుంది, చెవికి మిషను. కర్ర పొడుచుకుంటూ మూన్సిక్ చేనికి వచ్చింది.

"ఏరా అబ్బాయ్, నీ మిరపకాయక్కూడా గొంతు కోశారేంట్రా? పొద్దుట్నించీ ఇంట్లోనే ఉన్నా, కిక్కురుమంటే ఒట్టు."

"అయిందని పచ్చగా చూపించింది అవ్వా. నీ చెవి మిషను చూపించుకో."

"నా చెవి బానే ఉంది. నీ చేలో కప్ప అరుస్తున్నా వినపడతంది."

"కప్పలన్నీ వినపడతాయి, పనికొచ్చేదొక్కటే వినపడదు. బ్యాటరీ మార్చుకో, పో."

అవ్వ నవ్వేసింది. "సర్లే, మారుస్తా. నా కళ్లకి వాగూ ఒకటే, దారీ ఒకటే. వానలొస్తున్నాయి. నీ మైకు చెప్పందే నేను గడప దాటనురా."

మూన్సిక్ మొక్కల మీంచి తల కూడా ఎత్తలేదు.

అవ్వ వచ్చి వెళ్లిన ఆరో రోజు మధ్యాహ్నం ఆకాశం విరిగిపడింది. మూన్సిక్ మరో నలుగురితో కలిసి పై చెరువు గట్టు మీద ఇసక బస్తాలు వేస్తున్నాడు. కింద వాగు రంగు మారడం చూసి హాలుకి ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, వాగు పొంగుతోంది! ఒడ్డు మీదోళ్లందర్నీ హాలుకి రమ్మని కొట్టండి, ఇప్పుడే!"

ఆయన ఫోన్లో వేలితో జవాబిస్తాడు. కాదంటే ఒక దెబ్బ, అయిందంటే రెండు. కాసేపటికి టక్, టక్ అని వినిపించింది. మూన్సిక్ ఊపిరి పీల్చుకుని మళ్లీ బస్తా ఎత్తాడు.

వాగు ఒడ్డున ఐదిళ్లు. నాలుగిళ్లవాళ్లు గుమ్మంలో నీళ్లు చూసి పైకి పరుగెత్తుకొచ్చారు. వాన హోరులో తమకి వినపడకపోయినా, అవ్వకి మైకు చెప్పే ఉంటుందిలే అని ఎవరికి వాళ్లు అనుకున్నారు. ఒక్కరూ ఫోన్ చేయలేదు.

మర్నాడు పొద్దున నీరు తీశాక అవ్వ ఇంట్లోకి ముందు వెళ్లింది మూన్సికే. గోడ మీది స్పీకరు పెట్టె కిందకి కుర్చీ లాగి ఉంది. అవ్వ దాని పక్కనే బురదలో పడి ఉంది. మిషను చెవిలోనే ఉంది. తడి తగలని పై అరలో కొత్త బ్యాటరీల అట్ట కనిపించింది. అందులో ఒకటి తీసి ఉంది.

మూన్సిక్ నేరుగా హాలుకి వెళ్లి తలుపేసుకున్నాడు. నాలుగేళ్ల కింద దాచిన నల్ల తెరని మళ్లీ బయటికి తెచ్చి, మాయం కాకుండా నిలబెట్టి, బొత్తాం నొక్కాడు. ఒక్క వాక్యం పడింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే వాక్యం.

ఊరంతా అవ్వ చెవుడునే తిట్టిపోసింది. చెవుడు మింగేసింది పాపం అని ఒకరు, మైకు పెట్టినా ఏం లాభమని ఒకరు. టౌన్ నుంచి వచ్చిన కూతురు మిహ్యాంగ్ గుండెలు బాదుకుంటోంది. "మంచి మిషను కొనిస్తానని రెండేళ్ల నుంచీ అంటూనే ఉన్నా. కొన్లేదు. నేనే చంపుకున్నా మా అమ్మని."

పాతదాంట్లోంచి గొంతు ప్రోగ్రాం తెచ్చి ఎక్కించడానికి పది నిమిషాలు చాలు. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు. ఆ ఆలోచన మూన్సిక్‌కి రాలేదంటే అబద్ధం. రెండు రోజులు పెన్ డ్రైవ్ జేబులో వేసుకునే తిరిగాడు. మూడో రోజు, మట్టి చేసి వచ్చాక, మిహ్యాంగ్‌ని హాలుకి రమ్మన్నాడు. పెద్దాయన కూడా అక్కడే ఉన్నాడు. మూన్సిక్ బొత్తాం నొక్కాడు. నల్ల తెర తెరుచుకుని నిలబడింది.

"ఏం రాసుంది దాంట్లో?" అంది మిహ్యాంగ్.

"పిలిచిన ప్రోగ్రాం ఇక్కడ లేదని."

"ఎప్పట్నించి?"

"ఈ కంప్యూటర్ పెట్టిన రోజు నుంచి. నొక్కిన ప్రతిసారీ ఇది చెబుతూనే ఉంది. నేనే కనపడకుండా దాచాను."

పెద్దాయన పలక మీద ఏదో రాయబోయాడు. మూన్సిక్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అయితే మా అమ్మ చెవి..."

"అమ్మ చెవి బానే ఉందమ్మా. మైకు పలకలేదని నా చేనికొచ్చి మరీ చెప్పింది. నేనే బ్యాటరీ మార్చుకోమన్నాను."

మిహ్యాంగ్ తెర వదిలి మూన్సిక్ వైపు తిరిగింది.

"మార్చుకుంది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పింది. మూన్సిక్ చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది, నా చెవే పోయుంటుంది అని."