మాస్కు చాటున నోరు

ఆ ఇంట్లో రెండో అమ్మాయిని అందరూ ముంగి అనేవాళ్లు. కామర్సు డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైంది గానీ, ఇంటర్వ్యూకి వెళ్తే బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అసలు నోరే విప్పకపోతే ఏ ఊరు మంచిదవుతుందే?" అని వాళ్లమ్మ తల పట్టుకునేది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ ఏడే మాయదారి జబ్బొకటి వచ్చిపడింది. ఉన్నవాళ్లనే ఇళ్లకు పంపేస్తున్న కంపెనీల్లో కొత్తవాళ్లను పిలిచే నాథుడెవరు? అప్పుడే బాబాయి మందుల షాపులో పనివాళ్లంతా మంచమెక్కారు. "ఖాళీగానే ఉన్నావుగా, బయట లైను చూడమ్మా," అంటూ ఆయన ఒక మాస్కు చేతికిచ్చి వెంట తీసుకుపోయాడు.

షాపు ముందు ముగ్గుపిండితో గీసిన గుండ్రాలు, మనిషికొకటి. జనం తక్కువవాళ్లా? గుండ్రంలో చెప్పులు వదిలేసి, ఎదుటి గోడ నీడలో ఒకరి మీద ఒకరు పడి కబుర్లాడుకునేవారు. దూరం పాటించేవి చెప్పులు, దగ్గేది మనుషులు. ముంగి కొన్నాళ్లు చూస్తూ ఊరుకుంది. ఒకరోజు చెప్పులు తారుమారై పెద్ద పేచీ మొదలైంది.

"చెప్పులకి మందులివ్వం! మనుషులొచ్చి నిలబడండి!" అని ఓ గొంతు ఖంగుమంది. అరిచిందెవరా అని అందరితోపాటు ముంగి కూడా వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు, ఆ గొంతు తనదే.

ముఖం సగం కప్పేసరికి సిగ్గు లోపలే ఉండిపోయిందేమో, ఆనాటి నుంచి ఆ పిల్లకు అడ్డులేకుండా పోయింది. తోసుకొచ్చేవాళ్లను నవ్విస్తూనే వెనక్కి పంపేది. చెవులు వినపడని ముసలివాళ్లకు ఒకే మాట మూడు రకాలుగా చెప్పేది.

ఇంతలో ఒక ఆస్పత్రివాళ్లు ఫోనులో రోగులతో మాట్లాడే ఉద్యోగానికి ఇంటర్వ్యూ పెట్టారు, అదీ వీడియోలో. అమ్మ ఇస్త్రీ బట్టలు వేయించి, ఫోను ఎదురుగా పెట్టి, బీరువా ముందు కూర్చోబెట్టింది.

"మీ గురించి చెప్పండి," అంది అవతలి మేడమ్.

ఇదీ పోతే జన్మంతా ముంగినే అనుకునేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గబుక్కున మాస్కు తగిలించుకుంది.

"ఇంట్లో మాస్కెందుకమ్మా?"

"ఇది లేకపోతే నాకు మాట రాదండి."

మేడమ్ నవ్వేసింది. "సరే, ఉండనివ్వండి. కాలేజీ అయ్యాక ఏం చేశారు?"

కంప్యూటరు కోర్సని చెప్పమని తలుపు చాటు నుంచి అమ్మ సైగలు. ముంగి మాత్రం చెప్పుల సంగతి ఎత్తుకుంది. చేతులు తిప్పుతూ, ఆ పెద్దమనుషుల్ని అనుకరిస్తూ, ఊపిరాడక మాస్కు గడ్డం కిందికి లాగేసింది. ఆ సంగతి మేడమ్ చూసింది, అమ్మ చూసింది. తనే గమనించుకోలేదు.

"రేపు చేరతారా?"

"రేపా? కుదరదండీ. లైను దగ్గరికి ఇంకో మనిషిని చూడాలి. వారం ఆగండి."

ఆగుతామంది మేడమ్. ఫోను ఆగగానే, తిడదామని దూసుకొచ్చిన అమ్మ కూతుర్ని పట్టుకుని బావురుమంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నోట "కుదరదు" అన్న మాట వినడం ఆమెకదే మొదటిసారి.