అడ్డం నాబ్ అక్కది

ఇవాళ భీమవరంలో రొయ్యల ల్యాబ్‌కి వెళ్తే, అక్క కూడా తన చెరువు శాంపిలు పట్టుకుని వచ్చింది. చెరువు పంపకాలప్పటి నుంచి మాకు మాటల్లేవు.

ల్యాబ్ అమ్మాయి మైక్రోస్కోపుకున్న ఒక నాబ్ తిప్పితే రొయ్యపిల్ల అడ్డంగా జరిగింది, ఇంకోటి తిప్పితే నిలువుగా.

మీకూ గుర్తుందా, చిన్నప్పుడు ఊరి తీర్థంలో కొనుక్కున్న, తిప్పితే గీతలు పడే ఆ రెండు నాబ్‌ల ఎర్ర పలక? మా ఇంట్లో అడ్డం గీత అక్కది, నిలువు గీత నాది. పోట్లాడుకున్న రోజు ఒకరి తర్వాత ఒకరం విడివిడిగా తిప్పితే దాని మీద మెట్లు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. ఇద్దరం ఒకేసారి తిప్పితేనే గీత వంగేది. అందుకే అమ్మ, "కలిసి గుండ్రంగా అప్పడం గీయండర్రా, అప్పుడే అన్నం" అనేది.

మైక్రోస్కోపు వైపే చూస్తూ అక్క మెల్లగా అంది.

"అడ్డం నాబ్ నాదే కదరా?"