చీనా సిపాయిని నమ్మని ద్రౌపది

ఉప్పు కొన్నా సరే, ద్రౌపది ముందు నాలిక మీద వేసుకుని చూసేది. ఇక మనిషి మాట సంగతి చెప్పనే అక్కర్లేదు. విశాఖపట్నం సంతలో కూలీలను పట్టే అర్కాటీ ఒకడు దగ్గరే తోటపని ఉందని నమ్మించి, మొగుడితో సహా మద్రాసులో ఓడెక్కించాడు. దిగిందేమో ఫిజీలో, లంబాసా చెరకుతోటల్లో. మొగుడు రెండో ఏడే జ్వరంతో పోయాడు. ఆనాటి నుంచీ ఎవరేం చెప్పినా ఆమె కనుబొమ్మ ఒకటి పైకి లేచేది. లైన్లలో అందరికీ ఆ కనుబొమ్మంటే హడలు.

లైన్లంటే గిర్మిట్ అనే ఐదేళ్ల ఒప్పందం మీద వచ్చిన కూలీలుండే ఇరుకు కొట్లు. వాటిలో మగవాళ్లు ఎక్కువ, ఆడవాళ్లు తక్కువ. ఒంటరి ఆడదానికి తలుపు గడియ ఒక్కటే దిక్కు. అందుకే గోవిందు ఆమెను పెళ్లాడతానని కబురు పెట్టినప్పుడు అంతా ఆమె అదృష్టానికి కుళ్లుకున్నారు. గోవిందంటే ఎవరనుకున్నారు? చీనా యుద్ధంలో పోరాడిన సిపాయి! ఆదివారం వచ్చిందంటే జనం కొబ్బరిచిప్పల్లో యంగోనా అనే మత్తు వేరు రసం పోసుకుని అతని చుట్టూ చేరేవారు. మన మద్రాసు సిపాయిలు చీనా రాజధాని గోడ ఎలా ఎక్కారో, గోవిందు అందరికంటే ముందు ఎలా దూకాడో, ఒక్క ఇంటి గడపైనా తొక్కకుండా ఎంత ధర్మంగా గెలిచారో, అదంతా కథగా సాగేది. నిజానికి సగం కథ అతని పక్క కొట్లో ఉండే మునియ్యే చెప్పేవాడు. గోవిందు తలూపేవాడు. తెల్లవారితే సర్దారు చేత తన్నులు తినే జనం, వారానికి ఒక పూటైనా గెలిచినవాళ్ల పక్కన నిలబడాలని వాళ్లకు మాత్రం ఉండదూ?

ద్రౌపది దూరంగా గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ వినేది. కిందటి వారం గోడకు నిచ్చెన వేశారు, ఈ వారం తాడు విసిరారు. తుపాకీ ఎలా పేలుస్తారని ఎవరైనా అడిగితే చాలు, గోవిందుకు దగ్గు వచ్చేస్తుంది. వీడు ఇంకో అర్కాటీ కాడు కదా అని ఆమెకు గుబులు. ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

చెరకు కోతల్లో మునియ్య కత్తి జారి కాలి పిక్క తెగింది. గోవిందు రెండు గెడలకు గోనెపట్టా బిగించి, మునియ్యను పడుకోబెట్టి, ఇంకో ముగ్గురితో కలిసి ఆసుపత్రికి మోశాడు. ముందు గెడ తనే పట్టాడు. నీళ్ల ముంత పట్టుకుని ద్రౌపది వెనకే నడిచింది. ముగ్గురూ అతనితో పాటే కాళ్లు ఎత్తి వేస్తుంటే పట్టా ఊగిపోతోంది, మునియ్య గావుకేకలు పెడుతున్నాడు.

"అడుగు కలపకండి!" అని అరిచాడు గోవిందు. "ఒకడి కాలు లేసినప్పుడు పక్కోడి కాలు నేల మీదుండాల!"

ఊపు ఆగిపోయింది. ద్రౌపది కూడా ఆగిపోయింది. ఆమె తండ్రి జమీందారు పల్లకీ మోసిన బోయీ. ఈ మాట వింటూ పెరిగిన పిల్ల ఆమె. సిపాయిలు అడుగు కలిపి నడుస్తారు. అడుగు తప్పించి నడవడం బోయీల పని.

తిరిగి వస్తుంటే గోవిందును ఏటి దగ్గర నిలబెట్టి అనేసింది. "నువ్వు సిపాయివి కావు. బోయీవి. మా అయ్య బుజాల మీదా నీకున్నట్టే కాయలు కాసుండేవి."

ఈసారి గోవిందుకు దగ్గు రాలేదు. "అవును. దెబ్బలు తగిలినోళ్లని డోలీలో మోసేవోణ్ణి. ఓడలో అదే సెప్పినాను. చీనా ఎల్లొచ్చినాడు అన్నంత వరకే ఇన్నారు. ఓడ దిగేసరికి నన్ను సిపాయిని సేసేసినారు."

"మరి ఆ ధరమ యుద్ధం?"

"ఏటి ధరమం? ఆ ఊరంతా దోసేసినారు. దొరలూ, సిపాయిలూ, అందరూ. ఒకనాడు నా డోలీలో కాలు పోయిన సిపాయొకడున్నాడు. దొర మమ్మల్ని ఆపి, ఆడ్ని దింపేసి పట్టుబట్టల పెట్టె ఎక్కించమన్నాడు. దోవ పక్కన దింపినాం. నీల్లడిగినాడు. పెట్టె మోసుకుని ఎల్లిపోనాం. మల్లొచ్చేసరికి ఆడు లేడు."

ద్రౌపదికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అబద్ధాన్ని పట్టుకుందామని వస్తే చేతికి తగిలిన నిజం అంతకంటే చేదుగా ఉంది. అయినా ఆ కనుబొమ్మ ఊరుకుంటుందా? తన మనసు కరిగించడానికి ఇదొక కొత్త కథేమో!

"నాకొక్కదానికి సెప్తే సరిపోదు. ఆదోరం అందరి ముందూ సెప్పు. అప్పుడొస్తాను నీ ఇంటికి."

ఆదివారం చెప్పాడు. ఏటి దగ్గర చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క మారకుండా. ఎవరో నవ్వారు. కాలికి కట్టుతో కూర్చున్న మునియ్యకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"యంగోనా నెత్తికెక్కింది! మా సిపాయిది పెద్ద మనసు, తన గొప్ప తను సెప్పుకోడు. నాను సెప్తాను, ఇనండి!" అని గోడ కథ మొదలుపెట్టాడు. జనం జరిగి మునియ్య చుట్టూ చేరారు. ఎవరి కథో ఆ మనిషే ఎవరికీ అక్కర్లేకపోయాడు. గోవిందు ఒంటరిగా లేచి వెళ్లిపోయాడు. అది చూసి ద్రౌపది లేచింది. తన వంటగిన్నె చంకన పెట్టుకుని అతని వెనకే నడిచింది. ఓడ దిగాక ఆమె నమ్మిన మొదటి మగవాడి మాట అదే.

గిర్మిట్ తీరాక ఇద్దరూ దగ్గర్లోని వాయిలేవు ఊళ్లో చెరకు వేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. యూరప్ యుద్ధం ముగిసిన ఏడాది ఓడల్లో దిగిన జ్వరాలు గోవిందును తీసుకుపోయాయి. కబురందుకుని వచ్చిన మునియ్య గుండెలు బాదుకుని ఏడ్చి, సిపాయిని సిపాయిలాగే సాగనంపాలని పట్టుబట్టాడు. పాడె ఎత్తిన నలుగురి చేతా లెఫ్ట్, రైట్ అంటూ అడుగు కలిపించాడు. పాడె అటూ ఇటూ ఊగసాగింది.

ఆడవాళ్లు గడప దగ్గరే ఆగారు. ద్రౌపది జుట్టు విరబోసుకుని రోడ్డు దాకా పరిగెత్తింది.

"ఓరి మునియ్యా, అడుగు కలపకండిరా! ఆయన సిపాయి కాడు, బోయీ! ఊపకుండా తీసుకెల్లండిరా!"

మునియ్య వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. "పాపం, ఏడుపులో ఏటేటో అంటంది" అని పక్కవాడితో చెప్పి, మళ్లీ లెఫ్ట్, రైట్ అందుకున్నాడు. చెరకు తోటల మలుపు తిరిగేదాకా పాడె ఊగుతూనే వెళ్లింది.