ఉప్పు చేప కంపు

హాంకాంగ్‌లోని షామ్ షుయ్ పో పేటలో ఒక్క ఫ్లాటునే చెక్క గోడలతో ఎనిమిది గదులు చేసి అద్దెకిచ్చారు. చదరపు అడుగు చొప్పున చూస్తే కొండమీది ధనికుల మేడలకంటే ఈ గూళ్లకే అద్దె ఎక్కువ. పైగా, పెనం పెట్టుకోవచ్చు గానీ ఓవెన్ కనబడితే ఆ రోజే గది ఖాళీ చేయాలని ఓనరు షరతు.

అయినా పక్కగది హో అవ్వ డెబ్బయ్యో పుట్టినరోజు నూడుల్స్‌లోకి కాల్చిన చార్ సియూ మాంసం లేకపోతే ఎలా? కూతురితో నాలుగో గదిలో ఉంటున్న సౌకిన్ మంచం కింద దాచిన చిన్న ఓవెన్ తీసింది. తేనె, సోయా పట్టించిన పంది మాంసం ఎర్రబడింది. రుచికి అంచులు కాస్త మాడడమే తరువాయి. సరిగ్గా అప్పుడే ఓనరు మనిషి ముయ్ గొంతు వినిపించింది.

"మాంసం కాలుస్తున్నదెవరు? తలుపులు తీయండి!"

సౌకిన్ ఓవెన్ ఆపి మంచం కిందికి తోసింది గానీ, వాసనను ఎక్కడికి తోస్తుంది? గది పోతే కూతుర్ని తీసుకుని ఎక్కడికి పోతుంది? ముయ్ మొదటి తలుపు బాదుతున్నాడు. ఆమెది నాలుగోది.

ఇంతలో పక్కగదిలో నూనె చుయ్‌మంది. ఉప్పు చేప కంపు గుప్పుమంది. ఎదురు గదిలోనూ అదే. క్షణాల్లో నడవా అంతా పొగ.

హో అవ్వ పెనంతోనే బయటికొచ్చింది. "రా నాయనా, నా పుట్టినరోజు. చేప తినిపో."

"ముందు మాంసం ఎవరిదో చెప్పు ముసలమ్మా!"

"మీ అద్దె కట్టాక మాంసం కొనే మొహాలా ఇవి? నీ ముక్కు డాక్టరుకి చూపించుకో!"

అన్ని గదుల్లోంచీ నవ్వులు. ముయ్ దగ్గుకుంటూ మెట్లు దిగిపోయాడు.

అవ్వ సౌకిన్ తలుపు తట్టింది. "అంచులు నల్లబడేదాకా కాల్చవే. ఈ కంపంతా ఊరికే భరించామా?"