సముద్రంలో పెట్టిన చుక్క

తొంభైల మొదట్లో నేను ఖరగ్‌పూర్‌లోని హిజ్లీ క్యాంపస్‌లో, భూకంపాల ల్యాబులో లెక్కల గుమాస్తాను. ఇన్నేళ్లయినా ఆ చుక్క గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

మా తమ్ముడు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైల్వే ఫిట్టరుగా నాకన్నా ముందే రిటైరై, కోస్తాలో అత్తవారి ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడికి పన్నెండు కిలోమీటర్లలో సహజవాయువు బావులు. గ్యాస్ తీయడం మొదలయ్యాక నేల అదరసాగింది. వాడి వంటింటి గోడ నిలువునా చీలింది. అదురు బావుల కిందే పుడుతోందని తేలితే ఇళ్లు బాగు చేయిస్తామని బావుల వాళ్లు ఒప్పుకున్నారు. తేల్చే పని మా ల్యాబుకు వచ్చింది. మూడు చోట్ల యంత్రాలు పెట్టారు. ఒకటి తమ్ముడి పెరట్లో, వాడి కాపలాలోనే.

ఏడు కంపాలు నమోదయ్యాయి. మూడు యంత్రాలకూ అదురు చేరిన వేళలు పోల్చి, మా సారు అదురు పుట్టిన చోటు ఇదని మ్యాపు మీద చుక్క పెట్టారు. సముద్రంలో. తమ్ముడి ఇంటికి ముప్పై ఆరు కిలోమీటర్లు.

నేను ఒప్పుకోలేదు. కంపం పుట్టినప్పుడు ముందు వేగంగా ఒక అల వస్తుంది, వెనక నెమ్మదిగా ఇంకొకటి. రెండింటి మధ్య ఒక సెకను ఎడం ఉంటే ఎనిమిది కిలోమీటర్ల దూరం. తమ్ముడి పెరటి యంత్రం గీసిన కాగితాల మీద ఎడం ఒకటిన్నర సెకను. అంటే పన్నెండు. రెండు అలలూ ఒకే గడియారం మీద పడతాయి కాబట్టి ఈ లెక్కకు గడియారం సరిగ్గా ఉండనక్కర లేదు. కంపాస్‌తో ఒక్కో యంత్రం చుట్టూ ఒకటి చొప్పున, కంపానికి మూడేసి వృత్తాలు గీశాను. ఏడుసార్లూ బావుల దగ్గరే కలిశాయి.

మరి వేళ ఎక్కడ తప్పింది? ట్రాఫిక్ అనే మా రైల్వే పేటలోని ఫోన్ బూతు నుంచి తమ్ముడిని అడిగాను. రేడియోలో టైము చెప్పే కూతలకు గడియారం కలపమని వాడికి చెప్పారు. వాడు రోజూ సైకిలెక్కి రైల్వే స్టేషనుకు పోయి, అక్కడి గడియారానికి వాచీ కలుపుకొచ్చి, దాన్నిబట్టి యంత్రాన్ని సరిచేసేవాడట.

"ముప్పయ్యారేళ్లు సైరనికి లెగిసినోణ్ని. రైల్వే టైము కన్నా రేడియో ఎక్కువేటప్పా?" అని ఈ అక్కనే ఎదురడిగాడు.

రేడియో పెట్టి చూడమన్నాను. వాడి గడియారం నాలుగు సెకన్లు ముందుంది, అంటే అదురు అక్కడికి అంత ఆలస్యంగా చేరినట్టు పడింది. రైలుకు నాలుగు సెకన్లు లెక్క కాదు. భూమిలో అల ఆ కాసేపట్లో ఇరవై నాలుగు కిలోమీటర్లు పోతుంది. వాణ్ణి గట్టిగానే తిట్టాను, రైల్వే టైమునే నమ్మే ఆ ఇంట్లోనే నేనూ పుట్టినా.

సారుకు వృత్తాలు చూపించాను. స్కేలు పెట్టి తానే కొలిచారు. నా లెక్క తప్పని అనలేదు. నేను క్షమించలేనిది అదే.

"రిపోర్టు టైపయిపోయింది దీదీ. గడియారం తప్పని మనమే రాస్తే మన కాగితాలు ఎవరు నమ్ముతారు?" అన్నారు.

లెక్క చేసినవారిగా చివరి పేజీలో నా పేరు వేశారు. కొట్టేయమని రాసిచ్చాను. పేరు కొట్టేశారు. చుక్కను కదపలేదు.

తమ్ముడు ఆ తర్వాత రేడియోకే కలిపాడు. వానాకాలంలో ఒక సోమవారం, పదకొండూ పదికి, మళ్లీ నేల అదిరి వంటింటి గోడ కూలింది. మరదలు నీళ్లకు పెరట్లోకి వెళ్లింది కాబట్టి బతికింది. ఆనాటి కాగితం వాడు పోస్టులో పంపాడు. పని ముగిసిందని ల్యాబులో ఎవరూ కవరు విప్పలేదు. నేనే విప్పి కొలిచాను.

ఒకటిన్నర సెకను.